అమ్మ ఎడమ కన్ను దక్కించిన వాళ్లందరికీ

ముందుగా మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు గారికి దండం. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మాది మలికిపురం దగ్గర చిన్న ఊరు, ఇది చదివే మావాళ్లలో సగం మందికి ఆయనెవరో ఎలాగూ తెలిసిపోతుంది. అది నా తప్పు కాదు.

అమ్మకి 63 ఏళ్లు. షుగర్ ఉంది. చిన్నప్పటి నుంచీ ప్లస్ అద్దాలే. కార్తీకమాసం కదా, తెల్లారగట్ల గోదావరి స్నానాలకి వెళ్లి జలుబు తెచ్చుకుంది. కొట్లో జలుబు బిళ్లలు కొనుక్కుని రెండు రోజులు వేసుకుంది. రెండో సోమవారం ఉపవాసం. మధ్యాహ్నం నుంచే ఎడమ కణత లాగుతోందంటే నీరసం అనుకున్నాం. సాయంత్రం తులసికోట దగ్గర దీపాలు పెట్టి అరుగు మీద మసక చీకట్లో కూర్చుంది. వీధి లైటు వెలిగాక, "చంద్రుడికి వరదగుడి కట్టినట్టు ఆ బల్బు చుట్టూ రంగుల గుడి కట్టిందేంట్రా" అంది. దూరపు గుడి అయితే దగ్గర్లో వానేలే అని నవ్వేశాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఏడయ్యేసరికి తల గోడకేసి కొట్టుకోవడమొక్కటే తక్కువ. ఆపకుండా వాంతులు. దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే ఉపవాసం వల్ల పైత్యం అని వాంతులకో సూది, నొప్పికో సూది వేసి పంపేశారు. వాళ్లని తిట్టడానికి రాయడం లేదు. వాంతులు చేసుకుంటున్న మనిషిని చూస్తే ఎవరికైనా ముందు పొట్టే గుర్తొస్తుంది. కాకపోతే చింతనిప్పులా ఉన్న ఆ కన్ను వైపు ఒక్కసారి చూసుంటే బావుండేది.

రాత్రి తొమ్మిదిన్నరకి ఆర్‌ఎంపీ గారు వచ్చారు. అమ్మని కళ్లు మూసుకోమని, రెండు రెప్పల మీదా వేళ్లతో మార్చి మార్చి మెల్లిగా నొక్కి చూశారు. నన్నూ పట్టుకుని చూడమన్నారు. కుడి కన్ను పండిన ద్రాక్షపండులా మెత్తగా ఉంది. ఎడమది గోలీకాయ. టార్చి వేస్తే కుడి కనుపాప ముడుచుకుంది, ఎడమది సగం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. నల్లగుడ్డు ఆవిరి పట్టిన అద్దంలా ఉంది.

"ఇది పొట్ట కాదండి, కన్ను. నీటికాసులు, అదే గ్లాకోమా, ఒక్కసారిగా కమ్మేసింది. నా దగ్గర దీనికి మందు లేదు. పొద్దున దాకా ఆగితే చూపు పోతుంది, ఇప్పుడే భీమవరం బయల్దేరండి" అన్నారు. ఇంకో సూది వేసి రెండొందలు పుచ్చుకోవచ్చు. పుచ్చుకోలేదు. తనే కంటి డాక్టరమ్మకి ఫోన్ చేసి, వస్తున్నామని చెప్పారు. ఆవిడ ఫోన్లోనే చెప్పిన మాట, దారంతా అమ్మని వెల్లకిలా పడుకోబెట్టమని. అలా పడుకుంటే కంట్లో కటకం, అంటే లెన్సు, కొంచెం వెనక్కి జారి ఒత్తిడి సడలే వీలుందట.

పగలైతే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం మీదుగా పోదుం. ఆ వేళప్పుడు చించినాడ వంతెనే దిక్కు. మా పక్కింటి బాబాయి రొయ్యల ట్రేలు కిందకి దింపేసి, బొలెరోలో పరుపు వేసి, లుంగీతోనే బండెక్కాడు. పాలకొల్లు దాటేదాకా మాటల్లేవు, అమ్మ మూలుగే. బండంతా రొయ్యల వాసన, అమ్మ ఉపవాసం! ఈ మాట మీద ఇప్పుడు నవ్వుకుంటున్నాం.

ఆసుపత్రిలో పరికరం పెట్టి చూస్తే ఎడమ కంట్లో ఒత్తిడి 58. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలి. కుడి కంట్లో 19.

డాక్టరమ్మ మందులు ఎక్కిస్తూనే నాకు బొమ్మ గీసి చెప్పారు. మనిషి కంగారు తగ్గాలంటే వాడికి అర్థమయ్యే భాషలో చెప్పాలని ఆవిడకి తెలుసు. "ఏం చేస్తారు బాబూ మీరు?" అనడిగారు. వరి, కొబ్బరి అన్నాను. అంతే, కాలువల్లోకి దిగిపోయారు.

కంటి లోపల ఒక నీరు ఉంటుంది. కన్నీళ్లు కాదు, అది వేరు. కంట్లో రంగుగా కనపడే పొర వెనకాల అది ఊరుతూ ఉంటుంది, ఎంత సన్నగా అంటే ఒక చుక్క పోగవడానికి ఇరవై నిమిషాలు పట్టేంత. కనుపాపలోంచి ముందుకొచ్చి, ఆ రంగు పొరకీ పైన అద్దం లాంటి కార్నియాకీ మధ్య మూలలో ఉన్న జల్లెడలోంచి బయటికి పోతుంది. పంట కాలువ, మురుగు కాలువ రెండూ నడుస్తున్నంత కాలం చేనుకి ఢోకా లేదు. ప్లస్ అద్దాల వాళ్ల కన్ను మామూలు కంటే కాస్త చిన్నది. వయసుతో కటకం లావెక్కి, శుక్లం మొదలై, రంగు పొరని వెనకనుంచి ఆనుకుంటుంది. మసక చీకట్లో కనుపాప విప్పారినప్పుడో, జలుబు బిళ్లల్లో కొన్నిటి వల్లో ఆ ఆనిక బిగుసుకుంటే నీరు ముందుకి రాలేక వెనకే నిలిచిపోయి, పొరని ఉబ్బించి, మూలని మూసేస్తుంది. పంట కాలువ పారుతూనే ఉంటుంది, డ్రెయిన్‌కి గుర్రపుడెక్క అడ్డుపడిందన్నమాట. మా చేలు అలా మునగడం ఎన్నిసార్లు చూడలేదు!

"మరి బిళ్ల వల్లే వచ్చిందా అండి?" అంటే, "ఆ ఒక్కదాని మీదే నెట్టెయ్యలేం, ఆవిడ కంటి మూల ముందే ఇరుకు" అన్నారు.

ఇక మందులు. వాంతులు ఆగడానికి సూది వేశాక, 250 మిల్లీగ్రాముల ఎసిటజోలమైడ్ బిళ్లలు రెండు మింగించారు. సల్ఫా మందులు పడవా, కిడ్నీలో రాళ్లున్నాయా అని ముందే అడిగారు. ఆ నీరు ఊరడానికి పనికొచ్చే ఎంజైముని ఇది అడ్డుకుంటుందట, అంటే పంట కాలువ తలుపు దించడం. టిమోలాల్, బ్రిమోనిడిన్ చుక్కలు కూడా వేరే దారిలో అదే పని చేస్తాయి. టిమోలాల్ వేసే ముందు నర్సమ్మ "ఉబ్బసం ఉందా?" అంటే వెనకనుంచి మా నాన్న "నాకుందమ్మా" అన్నాడు. "మీ సంగతి కాదు బాబాయ్ గారూ, ఆవిడ సంగతి. మీరు మాత్రం పొరపాటున కూడా ఈ చుక్కలు ముట్టుకోకండి, ఊపిరాడదు" అంది. చుక్క వేశాక ముక్కు పక్కన కంటి మూలని రెండు నిమిషాలు నొక్కి ఉంచాలని, లేకపోతే మందు ముక్కులోకి దిగి ఒంట్లో కలుస్తుందని నా వేలు పట్టుకుని చూపించింది.

తలుపు దించినా చేలో నిలిచిన నీళ్లు ఉన్నాయి కదా. వాటికి మానిటాల్ సీసా, 350 మిల్లీలీటర్లు, ముప్పావు గంటలో ఎక్కించారు. గుండెకీ కిడ్నీలకీ భారం కాబట్టి అవి బాగున్నాయని చూసుకునే పెట్టారు. అది ఎలా పని చేస్తుందో మాత్రం డాక్టరమ్మ అమ్మకే చెప్పారు: "మాగాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే ఊట దిగదా పిన్నిగారూ? ఇదీ అంతే. రక్తం చిక్కనైతే కంట్లో నీటిని బయటికి లాగేస్తుంది." అంత నొప్పిలోనూ అమ్మ "మూడు రోజులు పట్టదు కదమ్మా?" అంది. పట్టలేదు. గంటన్నరకి 34. ఆ గంటన్నరలో బాత్రూముకి నాలుగుసార్లు. ఇది కాక గ్లిసరాల్ తాగించే పద్ధతి కూడా ఉందట, షుగర్ ఉందని ఆ జోలికి పోలేదు.

నాకు ఆశ్చర్యమనిపించింది పైలోకార్పిన్ చుక్కలు ఆఖర్న వెయ్యడం. కనుపాపని ముడిచి, మూలకి అడ్డుపడ్డ పొరని బిగించి లాగేది అదే. డ్రెయిన్ తెరిచేది అదైతే ముందే వెయ్యొచ్చుగా? ఒత్తిడి అంత ఎక్కువున్నప్పుడు కనుపాప కండరానికి రక్తం అందక చచ్చుబడి ఉంటుందట, మందు వేసినా లాగలేదు. ఒత్తిడి దిగాక వేస్తేనే పని. 1870ల నుంచీ నీటికాసులకి వాడుతున్న మందట, దక్షిణ అమెరికా మొక్క ఆకులోంచి తీసింది. తెల్లవారి ఆరింటికి 18. అమ్మ నిద్రపోతోంది. నేను వరండాలో బెంచీ మీద కూర్చుని ఏడ్చాను, ఎవరూ చూడలేదనుకుంటాను.

మందులతో ఒత్తిడి దిగింది కానీ దారి ఇరుకు అలాగే ఉంది. కార్నియా మసక వదిలాక, మూడో రోజు, లేజరుతో రంగు పొర అంచున సూది మొనంత కన్నం పెట్టారు. కనుపాప దగ్గర ఆగిపోయినా నీరు ఆ తూములోంచి ముందుకొచ్చేస్తుంది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసింది 1852లో. ఆ తరవాత అయిదేళ్లకి బెర్లిన్‌లో గ్రేఫే అనే కంటి డాక్టరు ఇదే జబ్బుకి ఆ పొరలో చిన్న ముక్క కత్తిరించి నయం చెయ్యొచ్చని చెప్పాడట. అప్పుడు కత్తి, ఇప్పుడు లేజరు. కుడి కంటికి కూడా ఆ వారంలోనే పెట్టేశారు, దాని మూల కూడా ఇరుకేనని. శుక్లం ఆపరేషన్ సంక్రాంతి వెళ్లాక. అదయితే ఇరుకు కూడా చాలావరకు తీరుతుందన్నారు.

ఎసిటజోలమైడ్ వాడినన్నాళ్లూ అమ్మకి వేళ్లకి చీమలు పాకినట్టుండేది, సోడా తాగితే ఇనుము నాకినట్టుందనేది. ఆపాక పోయింది. ఎడమ కంటి చూపు మునుపటికంటే కొంచెం తగ్గింది, తగ్గలేదని రాయలేను. కానీ సూదిలోకి దారం తనే ఎక్కించుకుంటోంది.

అర్ధరాత్రి షట్టరు ఎత్తి మందులిచ్చిన మెడికల్ షాపు కుర్రాడికి, చీరలు మార్పించిన నర్సమ్మకి, ఇంటి దగ్గర గేదెలు చూసిన మా వీధి అక్కలకి పేరుపేరునా థాంక్స్. ఆర్‌ఎంపీ గారికి శాలువా తీసుకెళ్తే వద్దు, వేసంకాలంలో మాగాయ జాడీ పంపమన్నారు. బాబాయి డీజిల్ డబ్బులు తీసుకోలేదు, రెండు రోజుల రొయ్యల బేరం కూడా పోయింది.

తోబుట్టువులకీ చూపించాలన్నారు డాక్టరమ్మ. మా పిన్నికి కూడా ప్లస్ అద్దాలే. మంగళవారం తీసుకెళ్తున్నాను. బాబాయి మళ్లీ తన బండే అన్నాడు. ఈసారి ఆయనకి చెప్పకుండా నిన్నే ట్యాంకు నింపించేశాను.