తుపాకీకి వయసు కట్టే ముందు ముద్ర చదవండి

సంపాదకులకు నమస్కారం.

పాత మండువా ఇల్లు పడగొడుతుంటే అటక మీద తుపాకీ దొరికిందని మీ జిల్లా పేజీలో వార్త వేశారు. ఫొటో కింద ‘1857 సిపాయిల తిరుగుబాటు నాటి తుపాకీ’ అని రాశారు. నేను సైన్యంలో ఆయుధాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఆర్మరర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. తుపాకులు విప్పడం, బిగించడం, నంబర్లు సరిచూసి రిజిస్టర్లో ఎక్కించడం నా ఉద్యోగం. అందుకే ఆ ఫొటో చూశాక ఊరుకోలేక రాస్తున్నాను.

అది త్రీ నాట్ త్రీ, అంటే .303 తూటా రైఫిల్. ఎన్‌సీసీలో చేరిన ఏ కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు. దానికి తూటాని వెనకనుంచి లోపలికి తోసే బోల్ట్ ఉంది, ట్రిగ్గర్ ముందు తూటాలు నింపే మ్యాగజైన్ ఉంది. 1857లో సిపాయిల చేతిలో ఉన్నవి గొట్టం మూతిలోంచి మందూ గుండూ వేసి కడ్డీతో దట్టించే రకాలు. కొవ్వు పూసిన తూటాల గొడవ తెచ్చిన 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ కూడా అలాంటిదే. పైగా మీ ఫొటోని ఫోన్లో పెద్దది చేసి చూస్తే, కర్ర బట్ మొదలయ్యే చోట ఇనుప భాగం మీద కుడివైపు కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. అనే మూడు ఇంగ్లిషు అక్షరాలు, ఇషాపూర్ పేరు, 1942 కనిపిస్తూనే ఉన్నాయి. అంటే రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన సరుకు. సమాధానం ఫొటోలోనే ఉండగా 1857 ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అంతుపట్టలేదు.

ఈ ముద్రలు చదవడం బ్రహ్మవిద్యేం కాదు. కిరీటం కింద వి.ఆర్. ఉంటే విక్టోరియా రాణి కాలం. ఇ.ఆర్. అంటే ఎడ్వర్డ్, 1901 నుంచి 1910 వరకు. జి.ఆర్. అంటే జార్జ్, ఐదో జార్జ్, ఆరో జార్జ్ అని ఇద్దరున్నారు కాబట్టి పక్కన సంవత్సరం కూడా చూడాలి. చివర్లో ఐ ఉంటే చక్రవర్తి అని. వీటి కింద ఫ్యాక్టరీ పేరు ఉంటుంది: ఇంగ్లండ్‌లో అయితే ఎన్‌ఫీల్డ్, బీఎస్‌ఏ, ఆస్ట్రేలియాలో అయితే లిత్‌గో. ఆ కింద నమూనా పేరు. మన త్రీ నాట్ త్రీని మొదట్లో ‘షార్ట్ లీ ఎన్‌ఫీల్డ్’కి పొడి అక్షరాలు కొట్టి, మార్క్ 3 అనేవారు. 1926లో పేరు మార్చి నంబర్ 1 మార్క్ 3 అన్నారు. కాబట్టి ‘నంబర్ 1’ అని కొట్టి ఉంటే ఆ ముద్ర అంతకు ముందుది కాదు. స్వాతంత్ర్యం వచ్చాక ఇషాపూర్ వాళ్లు కిరీటం తీసేసి అశోక సింహాలు పెట్టారు. తర్వాత అదే రూపంలో 7.62 తూటాకి 2ఏ, 2ఏ1 అని చేశారు. వాటిని కూడా ‘తెల్లదొరల తుపాకీ’ అని చూపించేవాళ్లున్నారు!

అయితే బట్ దగ్గరున్న సంవత్సరం బాడీది మాత్రమే. కొంతమంది సేకర్తలు తడబడేది ఇక్కడే. బండికి ఛాసిస్ నంబర్ ఉన్నట్టు త్రీ నాట్ త్రీకి బాడీ నంబర్ ఉంటుంది. అదే నంబర్ బోల్ట్ పిడి వెనక, బ్యారెల్ (గొట్టం) మొదట్లో, మూతి దగ్గరి ఇనుప టోపీ మీద, గురి చూసే సైట్ అడుగున కొడతారు. అన్నీ ఒకటే అయితే తుపాకీ పుట్టినప్పటి భాగాలతోనే ఉన్నట్టు లెక్క. బ్యారెల్ అరిగితే మారుస్తారు, దాని మీద దాని సంవత్సరమే ఉంటుంది. 1917 బాడీకి 1940ల బ్యారెల్ ఉంటే అది నకిలీ కాదు, వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చింది, అంతే. ఎఫ్.టి.ఆర్. అని, పక్కన ఏడాది ఉంటే ఆ ఏడాది ఫ్యాక్టరీలో పూర్తిగా విప్పి బాగుచేశారని. డి.పి. అంటే డ్రిల్ పర్పస్, కాల్చడానికి పనికిరాదని తేల్చి కవాతుకి ఇచ్చింది. కొన్నిటికి మ్యాగజైన్ బదులు కర్రముక్క ఉంటుంది, గొట్టంలో గాడులు ఉండవు. అవి .410 మస్కెట్‌గా మార్చి పోలీసులకి ఇచ్చినవి.  బట్ మీద రంగుతో వేసిన అంకె యూనిట్ వాళ్ల లెక్క కోసం; దాంతో వయసు తేలదు.

ఇంకా పాతవాటి సంగతి వేరు. ఈస్టిండియా కంపెనీ మస్కెట్లకి కుడిపక్క లాక్ ప్లేట్ (మందు అంటించే యంత్రం బిగించిన ఇనుప పలక) మీద మొదట్లో హృదయాకారం, అందులో కంపెనీ పొడి అక్షరాలు ఉండేవి. తర్వాత వెనక కాళ్ల మీద నిలబడి కిరీటం పట్టుకున్న సింహం వచ్చింది. ఆ సింహం ఉంటే అది కంపెనీ ఆయుధం, బ్రిటిష్ రాజు సైన్యానిది కాదు.

నకిలీల్ని కూడా ముద్రే పట్టిస్తుంది. ఖైబర్ కనుమ ప్రాంతం కమ్మరులు చేత్తో చేసిన తుపాకుల మీద ఇంగ్లిషు ‘ఎన్’ అక్షరం తిరగబడి ఉంటుంది, లేదా వి.ఆర్. కింద 1910ల సంవత్సరం ఉంటుంది. విక్టోరియా 1901 జనవరిలోనే పోయింది. పనితనం మాత్రం గొప్పది, చదువే రాదు పాపం.

నాకు ఒళ్లు మండేది శుభ్రం చేసే తీరు చూసినప్పుడు. ఒక మ్యూజియంలో (పేరు ఎందుకులెండి) కంపెనీ మస్కెట్ లాక్ ప్లేట్‌ని ఎమెరీ పేపర్‌తో రుద్ది అద్దంలా చేశారు. సింహం పోయింది, తోక మిగిలింది. కింద చీటీ మీద ‘పురాతన తుపాకీ’ అని ఒకే ఒక మాట. ఇక దాని కాలం ఎవరు తేల్చగలరు? ఇత్తడి బట్ ప్లేట్లు బ్రాసో పెట్టి తోమితే కూడా ఇంతే. పలచటి నూనె, మెత్తటి గుడ్డ చాలు. అక్షరాల్లో మట్టి ఉంటే వెదురుపుల్లతో తీయాలి.

ఎవరికైనా ఇలాంటిది దొరికితే మొదట లోపల తూటా ఉందనుకునే మసలుకోవాలి. బోల్ట్ లాగకండి, ఉన్నచోటే ఉంచి పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేయండి. వాళ్లు పరీక్షించి భద్రం చేశాక మీ విలేకరి నాలుగు ఫొటోలు అడిగి తీసుకుంటే బాగుంటుంది: బట్ దగ్గరి ఇనుప భాగం, బ్యారెల్ మొదలు, బోల్ట్ పిడి వెనక, మూతి. వెలుతురు పక్కనుంచి పడితే అరిగిన అక్షరాలు కూడా లేచి కనబడతాయి.

ఇట్లు,
విశ్రాంత ఆర్మరర్,
తాడేపల్లిగూడెం.