మన ఎడ్ల సంఘం వార్షిక నివేదిక: పందెం కోడె ఖర్చు ఎక్కడ పెరుగుతోంది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ యేడు సంఘం చేసిన పనులు మూడు: టీకాలు వేయించడం, కలిసి గడ్డి కొనడం, జతల పుస్తకం మొదలుపెట్టడం. జమాఖర్చుల పట్టికను కార్యదర్శి సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు మాత్రం ప్రతి సమావేశంలోనూ ముందుగా లేచే ప్రశ్నకే ఇచ్చాం. బండలాగుడుకు పనికొచ్చే కోడెను మన కొట్టంలోనే పుట్టించి పెంచితే గిడుతుందా, రెండు పళ్ళు వేసినదాన్ని (రెండు పాలపళ్ళు ఊడి పెద్ద పళ్ళు వచ్చినదాన్ని) అంగట్లో కొనుక్కోవడమే నయమా?

అందరూ ఉలవల ధరను తిడుతున్నారు. లెక్క వేసి చూస్తే ఉలవలది అంత పెద్ద వాటా కాదు.

ఒంగోలు లేగకు మొదటి మూడు నెలల్లో సుమారు 250 లీటర్ల పాలు పోతాయి. లీటరు 60 రూపాయలు అనుకుంటే 15,000. తర్వాత తొమ్మిది నెలలు దాణా, మేత కలిపి రోజుకు 70 చొప్పున 18,900. ఏడాది నిండిన కోడెకు కిలో ఉలవలు 70, రెండు కిలోల తవుడు, చున్నీ (పప్పు పొట్టు, నూక) 56, ఎండుమేత 40, పచ్చిమేత 30, మొత్తం రోజుకు 196. ఇట్లా రెండు పళ్ళు వేసేదాకా పద్దెనిమిది నెలలకు 1,05,840. ఇక తల్లి ఖర్చు: ఈతకూ ఈతకూ మధ్య 15 నెలలు పడితే రోజుకు 120 చొప్పున 54,000, అమ్ముకున్న పాలు తీసేస్తే 36,000 మిగులుతుంది. అంతా కూడితే 1,75,740. ఇందులో ఉలవలు 37,800, అంటే ఐదో వంతు. మన కూలి, మందులు, కొట్టం ఇందులో వేయలేదు. ఈనిన ప్రతిసారీ కోడెదూడే పుట్టదు కదా, పెయ్య పుట్టిన ఈత ఖర్చూ వేయలేదు. ధరలు మీ ఊళ్ళో వేరుగా ఉంటే మీ అంకెలు వేసుకోండి, పద్ధతి ఇదే. వచ్చిన మొత్తాన్ని అంగడి ధరతో పోల్చి చూసుకోండి.

డబ్బు కారిపోయే మొదటి చోటు చూలు నిలవని నెలలు. ఆవు 21 రోజులకొకసారి ఎదకు వస్తుంది. ఒక్క ఎద తప్పితే 2,520 రూపాయల మేత ఊరికే తిన్నట్టు. ఒంగోలు ఆవు ఎద తక్కువసేపు ఉంటుంది, చాలాసార్లు రాత్రిపూటే వస్తుంది. పగలంతా చూసి "ఎదకు రాలేదు" అనుకుంటే లాభం లేదు. రాత్రి తొమ్మిదికి ఒకసారి, తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి టార్చి పట్టుకుని తోక కింద చూడండి. తీగలాగా సాగే తేటైన బంక కనబడితే అదే గుర్తు. పొద్దున కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున చూలు సూది (ఆబోతు వీర్యం ఎక్కించడం) వేయించాలి. రెండో రోజు గోపాలమిత్రకు (ఊళ్ళో ఈ సూది వేసే కార్యకర్తకు) ఫోన్ చేస్తే అప్పటికే ఆలస్యం.

గడ్డకట్టిన వీర్యం ఉన్న గొట్టం కరిగించేటప్పుడు పక్కన నిలబడండి. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉన్న 0.25 మిల్లీలీటర్ల గొట్టాన్ని 37 డిగ్రీల నీళ్ళలో 30 సెకన్లు ఉంచాలి. అరచేతిలో రుద్దో, జేబులో పెట్టుకునో కరిగిస్తే వీర్యం దెబ్బతింటుంది. గొట్టం మీద అచ్చువేసిన ఆబోతు నంబరు రాసుకోండి. తర్వాత దూడకు జత వెదికేటప్పుడు అదే ఆధారం. ఇంకో మాట. ఇప్పుడు ఇస్తున్న లింగ నిర్ధారిత వీర్యంతో నూటికి తొంభై దాకా పెయ్యలే పుడతాయి. పాడి రైతుకు అది వరమే గానీ, కోడెదూడ కావాలనుకున్నవాళ్ళు ముందే అడిగి మామూలు గొట్టం వేయించుకోవాలి.

రెండో చోటు, అన్నిటికంటే పెద్దది, జత దొరకని కోడె. రెండు పళ్ళ కోడె జత కోసం ఆరు నెలలు కొట్టంలో నిలబడితే 35,280 రూపాయలు. పెరిగినన్నాళ్ళూ తిన్న ఉలవల ఖర్చుకు దాదాపు సమానం! ఈ పద్దు ఎవరి పుస్తకంలోనూ కనబడదు. పైగా ఒంటి కోడెకు అంగట్లో జతలో సగం ధర కూడా పలకదు.

జత కలవడమంటే రంగు కలవడం కాదు. ఎత్తులో రెండు అంగుళాల తేడా ఉన్నా కాడి ఒక పక్కకు వాలి మెడ ఒరుసుకుపోతుంది. వారంలో వాపు, ఆపైన పుండు. అడుగు పొడవు కలవకపోతే గొలుసు ఒకసారి బిగిసి ఒకసారి సడలి బండ కుదుపులతో కదులుతుంది. వలపట (కుడిపక్క) అలవాటైన కోడెను దాపట (ఎడమపక్క) కడితే తల పక్కకు తిప్పుకుంటుంది తప్ప లాగదు. పళ్ళ లెక్క మరీ చిక్కు. పోటీలు పాలపళ్ళు, రెండు, నాలుగు, ఆరు పళ్ళ విభాగాల్లో జరుగుతాయి కాబట్టి జతలో ఒకటి ముందుగా పళ్ళు వేసిందంటే రెండోదాన్ని కూడా పై విభాగంలో పెద్దవాటితో లాగించాల్సి వస్తుంది. అందుకే పుట్టిన తేదీల మధ్య రెండు నెలలకు మించి తేడా ఉంటే ఆ జతకు ఆశపడొద్దని మా సలహా.

జతల పుస్తకం పెట్టింది ఇందుకే. పుట్టిన తేదీ, ఆబోతు నంబరు, మూపురం వెనక ఎత్తు, పళ్ళు, వలపటా దాపటా, ఇవి ప్రతి మూడు నెలలకొకసారి రాస్తాం. పాలపళ్ళ వయసులోనే జత తేలితే ఆ రెండు ఇళ్ళవాళ్ళు కలిసి పెంచుకోవచ్చు, లేదా ఒకరు రెండోదాన్ని కొనుక్కోవచ్చు. కురుమూర్తి జాతర అంగడిదాకా ఆగి తొందరలో బేరం చేసే పని తప్పుతుంది.

గడ్డి సంగతి. పాలమూరు చెలకల్లో జొన్న తగ్గి పత్తి పెరిగింది, చొప్ప కరువైంది. వరి ఉన్నచోట కోత మిషన్ గడ్డిని నలగ్గొట్టి చల్లిపోతోంది. మిషన్ పోయిన రెండు మూడు రోజుల్లో కట్టలు కట్టించాలి, వాన పడిందంటే ఆ గడ్డి బూజే. కలిసి కొన్నందువల్ల బండి కిరాయి తగ్గింది. కొన్ని కట్టలు లోపల తడిగా వచ్చాయి, ఆ తప్పు మాదే. ఇకపై ప్రతి బండిలో మూడు కట్టలు విప్పి చెయ్యి పెట్టి చూశాకే డబ్బిస్తాం.

పందెం ముందు వారం దాణా రెట్టింపు చేసే అలవాటు ఇంకా పోలేదు. గింజ ఒక్కసారిగా పెరిగితే కడుపులో పులుపెక్కి మేత మానుతుంది, గిట్టలు వేడెక్కి కుంటుతుంది. పెంచేదేదో రెండు వారాల్లో కొద్దికొద్దిగా పెంచండి.

గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి తప్పనిసరి. పుండ్లు మానిపోతాయి కదా అని కొందరు తేలిగ్గా తీసుకుంటున్నారు. పుండ్లు మానినా కొన్నిటికి రొప్పు మిగిలిపోతుంది. బొచ్చు పెరిగి, నాలుగు అడుగులేసినా నోరు తెరిచి ఎగపోస్తుంది, ఎండకు అసలే ఆగదు. అట్లాంటి కోడె మళ్ళీ కాడి కిందికి రాదు. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే వేయించాలి.

పోటీల అనుమతి గురించి ఒక్క ముక్క. జల్లికట్టు, ఎడ్లబండి పందేలను నిషేధించిన 2014 మే 7 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్ట సవరణలు చేసుకున్నాయి. 2023 మే 18న కోర్టు సమర్థించింది వాటినే. ఆ తీర్పు చూపించి ఇక్కడ అనుమతి ఉన్నట్టే అనుకోవద్దు. మేళ్లచెరువు శివరాత్రికి గానీ మరెక్కడికి గానీ జత ఎక్కించేముందు నిర్వాహకుల దగ్గర అనుమతి కాగితం అడగండి. ములుకోల, కరెంటు షాకు వాడినవారి పేరు పుస్తకంలోంచి తీసేస్తాం.

కోడెల వివరాలు రాయించేవాళ్ళు చెవి పోగు మీది 12 అంకెల నంబరు స్పష్టంగా కనబడేలా ఫోటో తెండి. కిందటిసారి సగం ఫోటోల్లో చెవి కనబడింది, నంబరు కనబడలేదు.