2024-25 వార్షిక నివేదిక: ట్రిమ్మర్ తిప్పే ముందు రీడింగ్ రాద్దాం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది బాగుచేయడానికి మన సంఘం బల్ల మీదికి వచ్చిన పాత ఎలక్ట్రానిక్ కొలత పరికరాల్లో ఎక్కువ భాగం ఆసిలోస్కోపులు (సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపేవి), బెంచ్ మల్టీమీటర్లు, సిగ్నల్ జనరేటర్లే. కొన్ని కోఠి గుజరాతీ గల్లీలో తూకానికి కొన్నవి, కొన్ని రిటైరైన ఇంజనీర్ల ఇళ్లలో అటక మీద నుంచి దిగినవి. అన్నిటి గురించీ వరసగా రాస్తే చాంతాడంత అవుతుంది. మనకు పని నేర్పిన రెండు మూడింటి గురించే వివరంగా చెబుతాను.

ముందుగా మన తప్పు. మే నెలలో ఒక సభ్యుడు నాలుగున్నర అంకెల (19999 దాకా చూపే) పాత మీటర్ తెచ్చారు. మన 10 వోల్టుల రిఫరెన్సు (సరిచూడటానికి కచ్చితమైన వోల్టేజి ఇచ్చే పరికరం) పెడితే 10.004 చూపించింది. మూత తీసి, ట్రిమ్మర్ (రీడింగ్ సర్దే చిన్న స్క్రూ) తిప్పి, సరిగ్గా 10.000 దగ్గర ఆపి, సంతోషంగా పంపించాం. డిసెంబరులో అదే మీటర్ మళ్లీ వచ్చింది. ఈసారి 9.996. మీటర్ పాడైందేమోనని అందరం టెన్షన్ పడ్డాం. మీటర్ బాగానే ఉంది. మేలో మన గదిలో వేడి 38 డిగ్రీలు, డిసెంబరులో 24. ఇలాంటి మీటర్ల కచ్చితత్వాన్ని కంపెనీలు 23 డిగ్రీల దగ్గర చెబుతాయి, ఐదు డిగ్రీలు అటూ ఇటూ. అది దాటితే ప్రతి డిగ్రీకీ కొంత తేడా కలుస్తూ పోతుంది. అంటే ఎండ వల్ల వచ్చిన తేడాను మనం మీటర్ తప్పుగా లెక్కేసి దిద్దాం. చక్కగా ఉన్నదాన్ని మన చేతులతోనే చెడగొట్టాం.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒకటుంది. మేలో ఎంత చూపించిందో, గదిలో వేడి ఎంతో ఎక్కడా రాసి లేదు. ఆ రోజు బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరికి గుర్తుండబట్టి సరిపోయింది. అందుకే జనవరి నుంచి రిజిస్టర్ పెట్టాం. స్క్రూడ్రైవర్ ముట్టుకునే ముందే ఉన్న రీడింగ్, గది ఉష్ణోగ్రత, ఎంతసేపు వేడెక్కనిచ్చామో రాయాలి. సర్దాక వచ్చిన రీడింగ్ పక్క గడిలో వేయాలి. తేడా మీటర్ స్పెసిఫికేషన్ లోపలే ఉంటే అసలు ముట్టుకోకూడదు. ఇకమీదట ఏప్రిల్, మే నెలల్లో రిపేర్లు మాత్రమే చేద్దాం. కాలిబ్రేషన్, అంటే రీడింగ్‌ని సరిదిద్దే పని, చలికాలానికి ఉంచుదాం.

ఇక టెక్ట్రానిక్స్ 465 సంగతి. 1972లో వచ్చిన 100 మెగాహెర్ట్జ్ స్కోప్ ఇది. ఇప్పటికీ దీని ట్రేస్ (తెర మీది గీత) చూస్తే ముచ్చటేస్తుంది. మన దగ్గరికి వచ్చినదాని వెనకాల సెలెక్టర్ 115 వోల్టుల మీదే ఉంది. ప్లగ్గు పెట్టే ముందు అది చూసిన కుర్రాడిని మెచ్చుకోవాలి. 230కి మార్చి, ఫ్యూజు సరిచూసి, సీరీస్ బల్బు బోర్డు మీద, అంటే కరెంటు ఒక బల్బు గుండా వెళ్లేలా పెట్టి, ఆన్ చేశాం. మామూలుగా బల్బు ఒక్కసారి వెలిగి మసకబారాలి. ఇది వెలుగుతూనే ఉంది. వెంటనే ఆపేశాం.

ఈ స్కోపులో ఐదు సప్లైలు (లోపలి బోర్డులకు కరెంటిచ్చే లైన్లు), వోల్టుల్లో: 110, 55, 15, 5, మైనస్ 8. ఆఫ్ చేసి ఒక్కొక్కటీ గ్రౌండ్‌కి కొలిస్తే 15 వోల్టుల లైను రెండు ఓములు కూడా లేదు. ఆ లైను బోర్డులన్నిటికీ పాకి ఉంటుంది, ఎక్కడని వెతకాలి? ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరైన మన పెద్దాయన చూపించిన ఉపాయం అందరూ నేర్చుకోవాలి. బెంచ్ సప్లైని (బల్ల మీద పెట్టుకునే పవర్ సప్లై) ఒక వోల్టు, అర ఆంపియర్ దాటకుండా పెట్టి ఆ లైనుకి ఇచ్చారు. తర్వాత మీటర్‌ని మిల్లివోల్టుల రేంజిలో పెట్టి, లైను వెంట చోటు చోటునా ముట్టిస్తూ వెళ్లారు. షార్ట్ వైపు వెళ్లేకొద్దీ వోల్టేజి పడిపోతూ ఉంటుంది. అన్నిటికన్నా తక్కువ వచ్చినచోట శనగగింజంత టాంటలం కెపాసిటర్ ఉంది. ఒక కాలు ఊడదీయగానే లైను బతికింది. ఈ తరం స్కోపుల్లో టాంటలంలు ఇలా షార్ట్ కావడం మామూలే. అదే విలువది, ఎక్కువ వోల్టేజి తట్టుకునేది వేశాం. ఆ తర్వాత సప్లైలన్నీ సరిచూసి, అరగంట వేడెక్కనిచ్చి, అప్పుడే మిగతా సర్దుబాట్ల జోలికి వెళ్లాం. సప్లైలు సరిగా లేకుండా చేసిన కాలిబ్రేషన్ పనికిరాదు. పిక్చర్ ట్యూబ్ వైపు వేల వోల్టులుంటాయి కాబట్టి మూత తీసిన స్కోప్ దగ్గర ఒక చెయ్యి జేబులోనే ఉండాలని మరోసారి మనవి.

హెచ్‌పీ 3478ఏ మీటర్లు ఉన్నవాళ్లు ఈ పేరా తప్పక చదవండి. ఇందులో ట్రిమ్మర్లు తిప్పి కాలిబ్రేట్ చేసే పద్ధతి లేదు. సవరణ అంకెలన్నీ ఒక చిన్న మెమరీ చిప్‌లో ఉంటాయి. దాన్ని బతికించేది బోర్డుకి సోల్డర్ చేసిన 3 వోల్టుల లిథియం బ్యాటరీ. అది చచ్చిపోతే అంకెలన్నీ పోతాయి, మీటర్‌ని మొదటి నుంచీ కాలిబ్రేట్ చేయించాలి. ఒక సభ్యుడు బయట షాపులో బ్యాటరీ మార్పిస్తే, పాతది పీకగానే జరిగింది ఇదే. మన దగ్గర ఈ ఏడాది రెండు మీటర్లకు క్షేమంగా మార్చాం. ముందు జీపీఐబీ అడాప్టర్ (మీటర్‌ని కంప్యూటర్‌కి కలిపేది) పెట్టి మెమరీలోని అంకెలు కంప్యూటర్‌లోకి దింపుకున్నాం. తర్వాత పాత బ్యాటరీకి సమాంతరంగా రెండు పెన్సిల్ సెల్స్ కట్టి, సోల్డరింగ్ ఐరన్ బాగా కాలాక ప్లగ్గు పీకేసి, ఆ వేడి ఉండగానే పాతది తీసి కొత్తది వేశాం. ఐరన్ మెయిన్స్‌కి తగిలించి ఉంటే దాని లీకేజి చిప్‌ని చెడగొట్టే ప్రమాదం ఉంది. మళ్లీ ఆన్ చేసి చూసినప్పుడు రీడింగ్ చివరి అంకె వరకూ రిజిస్టర్‌లో రాసినదే వచ్చింది. ఆ నిమిషం గదిలో అందరి మొహాలూ వెలిగాయి.

ఫ్రీక్వెన్సీ కౌంటర్లను సరిచూడటానికి ఇప్పుడు ఇబ్బంది లేదు. జీపీఎస్ ఉపగ్రహాల సమయానికి లాక్ అయిన 10 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ కిటికీ దగ్గర యాంటెనాతో పనిచేస్తోంది. వోల్టేజి రిఫరెన్సును మాత్రం ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపి సర్టిఫికెట్ తేవాలి. ఇది వచ్చే ఏడాది మొదటి ఖర్చుగా పెట్టమని సభను కోరుతున్నాను. జమాఖర్చులు కోశాధికారి గారు సభలో చదివి వినిపిస్తారు.

చివరగా ఒక విన్నపం. ఏవో (AVO) మోడల్ 8 అనే పాత ముల్లు మీటర్‌లో పెద్ద ఓముల రేంజికి 15 వోల్టుల చిన్న బ్యాటరీ కావాలి. అది దొరకక రెండు మీటర్లు అలాగే ఉన్నాయి. ఎవరి దగ్గరైనా ఉంటే, లేదా దాని బదులు వేసుకునే హోల్డర్ చేయగలిగితే, వచ్చే సమావేశానికి తీసుకురండి. ఇళ్లలో ఉన్న పాత సర్వీస్ మాన్యువల్స్ కూడా తెస్తే అక్కడే స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తాం.

ఇట్లు,
కార్యదర్శి