ఏ బోల్టుకు ఏ మందు: మా గ్యారేజీ వినియోగదారులకు

ఈ నెల నుంచి మా బిల్లుల్లో థ్రెడ్ లాకర్ (బోల్టు వదులు కాకుండా పట్టే మందు), సీలెంట్ (కారకుండా అడ్డుకునే మందు), యాంటీ సీజ్ (బోల్టు పట్టేయకుండా పూసే మందు) ఖర్చు విడిగా కనిపిస్తుంది. ఇంతవరకు దాన్ని కూలీలోనే కలిపేవాళ్లం. దేనికి ఎంత చెల్లిస్తున్నారో మీకు తెలియాలనే ఈ మార్పు.

‘అన్ని బోల్టులకూ ఎర్ర లాక్‌టైట్ (థ్రెడ్ లాకర్ బ్రాండు) పెట్టండి, మళ్లీ వదులు కాకూడదు’ అని కొందరు అడుగుతున్నారు. ఆ పని మేము చేయం. ఎర్రది గట్టిపడ్డాక బోల్టును సుమారు 250 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తే తప్ప సరిగా విడవదు. అది తెలియని మరో మెకానిక్ రెంచి బిగించి బలవంతంగా తిప్పితే బోల్టు తల తెగిపోతుంది. డిస్క్ బోల్టులు, స్ప్రాకెట్ బోల్టుల వంటి అదిరే చోట్ల బండి మాన్యువల్ అడిగినప్పుడు నీలం రకం చాలు. చేతి పనిముట్లతోనే విప్పవచ్చు. ఈ మందు గాలి తగలనప్పుడు, లోహం తాకినప్పుడు మాత్రమే గట్టిపడుతుంది. సీసా సగం ఖాళీగా కనిపించేది అందుకే. లోపల గాలి లేకపోతే మందు సీసాలోనే గడ్డకడుతుంది. వాడిన సీసాను మీకు అంటగడుతున్నామని దయచేసి అనుకోవద్దు. మర చుట్లకు నూనె జిడ్డు ఉంటే పట్టు తగ్గుతుంది కాబట్టి ముందు శుభ్రం చేస్తాం. కూలీలో ఎక్కువ భాగం ఆ శుభ్రతకే.

విశాఖ బండ్లకు వేరే బాధ ఉంది. ఉప్పుగాలి, తేమ తగిలితే అల్యూమినియంలో బిగించిన ఉక్కు బోల్టు చుట్టూ అల్యూమినియం తినుకుపోయి, బోల్టు పట్టేస్తుంది. సైలెన్సర్ స్టడ్లు (తల లేని బోల్టులు) వేడికి తుప్పుపట్టి బిగుసుకుంటాయి. అక్కడ యాంటీ సీజ్ పూస్తాం. ఆ వేడికి మామూలు థ్రెడ్ లాకర్ నిలవదు. అయితే యాంటీ సీజ్ జారుడు పదార్థం. పొడి మరకు చెప్పిన టార్క్‌తోనే (తిప్పే బలంతోనే) బిగిస్తే బోల్టు అవసరానికి మించి సాగుతుంది, లేదా అల్యూమినియం మర ఊడిపోతుంది. అందుకే టార్క్ తగ్గిస్తాం. చక్రాల నట్లకు అసలు పూయం. స్పార్క్ ప్లగ్గులకూ అంతే: పూత ఉన్న తన ప్లగ్గులకు యాంటీ సీజ్ వద్దని వాటిని తయారుచేసే ఎన్‌జీకే కంపెనీయే చెబుతోంది.

ఇక సీలెంట్. నీటి మార్గంలోకి చొచ్చుకుపోయే బోల్టు మరకు అది పెట్టకపోతే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మర వెంబడి పాకి బయటికి వస్తుంది. ఆయిల్ సంపుకు (ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టికి) సిలికోన్ పేస్టు దండిగా పూయమని అడిగేవారున్నారు. బిగించినప్పుడు అదనపు పేస్టు లోపలికి కూడా పొంగుతుంది. ఆ ముక్క ఊడి ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డుపడితే ఇంజిన్‌కు నూనె అందదు. సన్నటి గీత చాలు, కానీ అది తెగకుండా ఉండాలి.

సిలికోన్ పూర్తిగా ఆరడానికి దాదాపు 24 గంటలు పడుతుంది. కాబట్టి సంపు విప్పిన బండిని అదే సాయంత్రం ఇవ్వలేం. మరునాడు ఆయిల్ పోసి, ఇంజిన్ నడిపి, కారడం లేదని చూశాకే తాళం ఇస్తాం. ఆ రాత్రికి పార్కింగ్ రుసుము తీసుకోం. అత్యవసరం ఉంటే ముందే చెప్పండి, పని మరో రోజుకు పెట్టుకుందాం.