కవర్ మళ్లీ అచ్చువేయండి

విషయం: మా సైకెడెలిక్ సంగీత పత్రిక తాజా సంచిక కవర్ ముద్రణలో లోపాలు

ప్రొడక్షన్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ ప్రెస్ నుంచి సంచికలు అందాయి. లోపలి పేజీలతో మాకు పేచీ లేదు, అచ్చు శుభ్రంగా ఉంది. కవర్ మాత్రం మేం ఆర్డరిచ్చింది కాదు.

జాబ్ షీట్‌లో రంగుకొకటి చొప్పున ఐదు ప్లేట్లని రాశాం: మామూలు నాలుగు రంగులు (సయాన్ అనే నీలం, మెజెంటా అనే ముదురు గులాబి, పసుపు, నలుపు), ఐదోది పాంటోన్ రంగుల పట్టికలోని 806 ఫ్లోరసెంట్ గులాబి. వచ్చిన కవర్‌ను భూతద్దం కింద పెడితే గులాబి ఉన్న చోటల్లా మెజెంటా చుక్కలే. అంటే విడి సిరాతో వేయాల్సిన ఆ స్పాట్ రంగును ఫైల్‌లోనే సీఎంవైకేలోకి, అంటే ఆ మామూలు నాలుగు రంగుల్లోకి మార్చి నాలుగు ప్లేట్లతో కానిచ్చేశారు. ఫ్లోరసెంట్ సిరా అతినీలలోహిత కాంతిని పీల్చుకొని కంటికి కనిపించే వెలుగుగా వదులుతుంది. మెజెంటా ఎంత దట్టంగా పూసినా ఆ పని చేయదు.

ఈ కవర్‌కు ప్రాణమే అది. 1967లో చిత్రకారుడు విక్టర్ మోస్కోసో శాన్‌ఫ్రాన్సిస్కో సంగీత కచేరీల పోస్టర్లలో చేసినట్టు, ఎదురెదురు రంగులైన గులాబినీ ఆకుపచ్చనీ సమానమైన వెలుగులో ఆనించి పెట్టాం. అంచు దగ్గర చూపు నిలవక అక్షరాలు కదులుతున్నట్టు ఉండాలి. మీ గులాబి మందగించింది, కదలిక చచ్చిపోయింది.

రిజిస్ట్రేషన్, అంటే రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం కూడా తప్పింది. కుడి అంచున సయాన్ సుమారు అర మిల్లీమీటరు జరిగి, ప్రతి అక్షరానికీ ఒక పక్క పసుపు గీత, రెండో పక్క ఊదా గీత పడ్డాయి. మధ్యలో గీత వస్తే రెండు రంగులూ ఒకదాన్నొకటి తాకవు, తాకకపోతే ఆ కంపనం పుట్టదు. రంగుల అంచులు కాస్త ఒకదాని మీదికొకటి వచ్చేలా మేమిచ్చిన 0.1 మిల్లీమీటరు ట్రాపింగ్ ఇంత తేడాను కప్పలేదు. ఎడమ అంచున సరిగ్గానే ఉంది కాబట్టి ప్లేటు వంకరగా బిగించి ఉండాలి, లేదా తడికి కాగితం సాగి ఉండాలి. ఏదైనా మొదటి షీట్లలోనే పట్టుకోవాల్సిన తప్పు.

కాగితం గ్రెయిన్ (పీచు సాగే దిశ) పత్రిక వెన్నుకు అడ్డంగా వచ్చింది, అందుకే మడత దగ్గర సిరా పగులుతోంది.

కవర్లు మీ ఖర్చుతో ఐదు ప్లేట్లతో, గ్రెయిన్ వెన్నుకు సమాంతరంగా ఉండేలా మళ్లీ వేయాలి. ఫ్లోరసెంట్ సిరా పారదర్శకం కనుక రెండుసార్లు కొట్టండి. డిజిటల్ ప్రూఫ్‌లో ఆ మెరుపు కనబడదు. అదే కాగితం మీద అదే సిరాతో ప్రూఫ్ (నమూనా ప్రతి) పంపండి, మేం సంతకం చేసేదాకా మిషన్ ఎక్కించవద్దు. మిగిలిన బిల్లు ఆ తర్వాతే.

కొత్త కవర్‌కు వెన్ను మళ్లీ కోస్తే కొన్ని మిల్లీమీటర్లు పోతాయి. లోపలి మార్జిన్ అందుకు చాలుతుంది. అయితే మధ్యలో అతికించిన ఫ్లెక్సీ డిస్క్‌ను (పలుచని ప్లాస్టిక్ గ్రామఫోన్ రికార్డును) ముందే విడదీయండి. కవర్ అతికించే వేడి గమ్ము సెగకు ఆ ప్లాస్టిక్ వంగుతుంది, వంగితే సూది గాడి తప్పుతుంది.

ఇట్లు,
సంపాదక వర్గం