ఢిల్లీ చలికి మన కొబ్బరి నూనె

చిరంజీవి చిన్నాకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

ఈ ఉత్తరంతోపాటు పార్సిల్లో నూనె సీసా ఉంది. విప్పేసరికి తెల్లగా గడ్డకట్టి ఉంటుంది, పాడైపోయిందనుకుని పారేసేవు! కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకోవడం మొదలుపెడుతుంది. ధనుర్మాసం పొద్దుల్లో మన వంటింట్లోనే పేరుకునేది ఢిల్లీలో కరిగి ఉంటుందా? మగ్గులో వేడినీళ్లు పోసి సీసా కాసేపు అందులో నిలబెట్టు. తిన్నగా స్టవ్వు మీద మాత్రం పెట్టకు. గడ్డకట్టిందంటేనే అసలు సిసలు నూనె అని మీ నాయనమ్మ వాదన. అది పరీక్ష కానే కాదు. ఆయిల్‌పామ్ గింజ నుంచి తీసిన నూనె కూడా ఇంచుమించు అలాగే గడ్డకడుతుంది. నువ్వు వాసన చూసుకో. ఎండు కొబ్బరి కొరికినప్పటి వాసన రావాలి. పాత సబ్బు వాసన కొడితే చెడిపోయినట్టు.

అటక మీద ఎండబెట్టిన కురిడీలను మీ నాన్న నూనెకు ఇవ్వనివ్వరు. ఊపితే లోపల గుండు గలగలలాడే కాయకు అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో వచ్చే ధర వేరు కదా! అందుకని మామూలు కాయలే కొట్టించాను. 1996 నవంబరు తుపానుకు తోట సగం నేలకొరిగాక మీ తాతయ్య మళ్లీ నాటిన చెట్ల కాయలు. చిప్పలు పెరట్లో వెల్లకిలా ఎండబెట్టి, కొబ్బరి చిప్పను వదిలాక ఒలిచి, మళ్లీ ఎండబెట్టాను. పచ్చి కొబ్బరిలో దాదాపు సగం నీళ్లే. గానుగకు వెళ్లేనాటికి ఆ తేమ ఆరు శాతానికి దిగాలి. దానికి మిషన్లు అక్కర్లేదు, ముక్క విరిస్తే టక్కున విరగాలి. వంగిందంటే ఇంకా ఎండాలి. తొందరపడి మూట కడితే లోపల బూజు పడుతుంది, ఆ కంపు నూనెలోకి దిగుతుంది. తెల్లగా నిగనిగలాడాలని కొందరు గంధకం పొగ పెడతారు. మనం పెట్టలేదు కాబట్టి మన కొబ్బరి అంచులు కాస్త గోధుమరంగు తిరిగాయి. ఆడించిన నూనెను కదపకుండా ఉంచి, మడ్డి అడుక్కి దిగాక పైన తేరినది గుడ్డలో వడగట్టి పోశాను. తడి చెంచా, తడి చెయ్యి అందులో పెట్టకు.

ఇక నీ కాళ్ల సంగతి. మొన్న వీడియోలో చూశాను. మోకాళ్ల కింద పొలుసులు లేచి, గోకిన చోటల్లా తెల్లగీతలు. తప్పంతా చలిదే అంటున్నావు. మరి గీజరు నీళ్లు పొగలు కక్కేలా పోసుకుని, ఒళ్లంతా రెండుసార్లు సబ్బు రుద్దేది ఎవరు? చర్మానికి తనదంటూ కొంత జిడ్డు ఉంటుంది. దాన్ని నువ్వే కడిగేసుకుని, ఆ లోటు పూడ్చడానికి ఖరీదైన సీరమ్ కొంటానంటున్నావు. గోరువెచ్చటి నీళ్లు చాలు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు పెట్టుకో. కాళ్లకూ చేతులకూ మట్టి అంటిన రోజున పెట్టుకుంటే సరిపోతుంది. క్లాసు గదిలో కూర్చునేవాడికి అంత మట్టి ఎక్కడిది?

నూనె రాసే వేళ కూడా ముఖ్యం. నూనె చర్మానికి నీళ్లివ్వదు, ఉన్న నీళ్లు ఆరిపోకుండా పట్టి ఉంచుతుంది. తడి లేని కాలికి ఎంత పూసినా దుప్పటికి జిడ్డు అంటుతుందే తప్ప పెద్ద ఫలితం ఉండదు. స్నానం అయ్యాక తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒంటి మీద ఇంకా చెమ్మ ఉండగానే రాసుకో. ఒక్కో కాలికి అర చెంచా ఎక్కువే. అరచేతుల్లో వేసి రుద్దితే ఆ వేడికే కరుగుతుంది. మోచేతులు, మడమలు మరిచిపోకు. రాత్రి పడుకునే ముందు మళ్లీ రాసుకోవాలనిపిస్తే ముందు కాళ్లు తడుపుకో.

ముఖానికి మాత్రం వద్దు. నీకు మీ నాన్న పోలిక, నుదురూ ముక్కూ ఎప్పుడూ జిడ్డోడుతూనే ఉంటాయి. మొటిమలు వచ్చే ముఖానికి కొబ్బరి నూనె రాస్తే రంధ్రాలు మూసుకుని అవి ఇంకా రేగుతాయి. చుండ్రు ఉన్న తలకు రాత్రంతా నూనె పట్టించడమూ అంతే. చుండ్రుకు కారణమయ్యే ఒక రకం ఈస్టు నూనెలోని కొవ్వునే తిని బతుకుతుంది. మేతవేసి పెంచుకోవడం ఎందుకు? ఈ మాట మీ నాయనమ్మ ముందు అనకు. ఆవిడ లెక్కలో కొబ్బరి నూనెకు లొంగని జబ్బు లేదు. మొన్న అక్క పాపకు ఒళ్లు మర్దనా చేస్తూ ముక్కులో రెండు చుక్కలు వేయబోయింది. గట్టిగానే అడ్డుపడ్డాను. ఒంటికి మెల్లగా రాయడం వేరు, ముక్కులో వేయడం వేరు. అది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. అంగన్‌వాడీలో తల్లులందరికీ ఇదే చెబుతూ, నా ఇంట్లో ఊరుకుంటానా? రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేను పెసరట్టు వేస్తే మాట్లాడింది.

నీ రూమ్మేటు ఆవనూనె రాసుకోమన్నాడని చెప్పావు. వాళ్లకు చిన్నప్పటినుంచీ అదే అలవాటు. కానీ అది కొందరి చర్మానికి మంట పుట్టిస్తుంది. పగుళ్ల మీద అసలు వద్దు. నలుగు పెట్టి తలంటే రోజుకు మనకు నువ్వుల నూనె ఉండనే ఉంది, భోగికి నువ్వు వస్తే నేనే అంటుతాను. మన నూనె కూడా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒకటి రెండు రోజులు చూసుకో. ఇంటి నూనె కదా పడకపోవడమేమిటి అనుకోకు, కొబ్బరి పడనివాళ్లు ఉన్నారు.

గుండ్రంగా అంచు లేచి, మధ్యలో తేటగా ఉండి దురద పెట్టే మచ్చ ఎక్కడైనా కనిపిస్తే అది తామర కావచ్చు. దాని మీద నూనె పని చేయదు. మందుల షాపులో అడిగితే ఇచ్చే ట్యూబు అంతకన్నా వద్దు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. పైకి దురద తగ్గినట్టే తగ్గి లోపల తామర ముదురుతుంది. చర్మం చీలి నెత్తురు కారినా, రసి వచ్చినా నూనె పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లు. ఏమీ లేకుండా ఉత్త పొడిదనమే అయితే ఒక పక్షం రోజులు చెప్పినట్టు చేసి, కాళ్ల ఫోటో పంపు. పగటి వెలుతురులో తీయి, ట్యూబులైటు కింద ఏమీ కనబడడం లేదు.

టికెట్టు సంగతి నాన్న అడగమన్నారు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ఊరేగి వచ్చే ప్రభలు చూడాలంటే ఎలాగైనా ముందురోజుకే ఇల్లు చేరాలి. వెయిటింగు లిస్టు నమ్ముకుని కూర్చోకు.

ఆశీస్సులతో,
అమ్మ

తా.క.: పాదాలకు రాసుకున్నాక సాక్సు వేసుకో. మీ హాస్టలు టైల్సు మీద జారిపడతావు.