మంత్రి గారికి బహిరంగ లేఖ: మా పెద్దాయనకు ఆర్టిజన్ కార్డు ఇప్పించండి

హస్తకళాకారుల బాగోగులు చూస్తున్న గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారమండీ. మా అంగడికి కొయ్య బొమ్మలు చేసిచ్చే పెద్దాయనకు, చేతిపనివాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆర్టిజన్ కార్డు ఇప్పించమని మీకు నేను రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. ముందు మూడూ స్పీడ్ పోస్టులో పంపాను. అందినట్టు రసీదులున్నాయి, జవాబు మాత్రం రాలేదు. సోమవారం అర్జీలు తీసుకునే చోట రెండుసార్లు వరుసలో నిలబడి కాగితం ఇచ్చాను. రెండుసార్లూ నా ఫోనుకు "మీ అర్జీ పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చింది. ఏమీ పరిష్కారం కాలేదండీ. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. మర్యాద తప్పి ఎక్కడైనా మాట జారితే మన్నించండి, చాలా విసిగిపోయి ఉన్నాను.

మాది తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు వెనక సందులో చిన్న అంగడి. పసిపిల్లలకూ బాలింతలకూ కావలసినవి అమ్ముతాం. వెంకటగిరి నూలు పొత్తిగుడ్డలు, ముడి వేసే జుబ్బాలు, చీర ఉయ్యాలకు కొయ్య కడ్డీలు, గిలక్కాయలు, మూడు చక్రాల నడక బండ్లు. మా పాప పుట్టినప్పుడు ఇలాంటివాటి కోసం ఊరంతా తిరిగినా దొరకలేదు, అందుకే పెట్టాను. ఏ వస్తువు తెచ్చినా ఎవరు చేశారో, వాళ్ల చేతికి ఎంత ముట్టిందో తెలిసిన తర్వాతే అరలో పెడతాను. పాలసీసాలను కిటికీలో పేర్చను. 1992 నాటి చట్టం వాటి ప్రచారం వద్దంది, అదొక కారణం. పాలు పడతాయో లేదో అని టెన్షన్‌లో ఉన్న బాలింతకు నా కిటికీ ఇంకో దిగులు కాకూడదన్నది అంతకన్నా పెద్ద కారణం. బిడ్డను లోపల కూర్చోబెట్టే చక్రాల వాకర్లూ అమ్మను. కెనడా వాటిని 2004లోనే నిషేధించింది. బిడ్డ తనంతట తాను నిలబడి తోసుకుంటూ నడిచే మన పాత బండి వేరు, కూర్చుని జారిపోయే వాకర్ వేరు. ఈ తేడా చెప్పడానికే రోజులో సగం పోతుంది, అయినా చెబుతాను.

ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మలు అమ్మకూడదనే క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ గురించి మీకు నేను చెప్పాల్సింది లేదు. అది 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఏడు నెలల బిడ్డ బొమ్మతో చేతులతో కన్నా నోటితోనే ఎక్కువ ఆడుతుంది. రంగులో సీసం ఉంటే అది నేరుగా కడుపులోకి పోతుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఆ దెబ్బకు తర్వాత మందు లేదు. ఊడొచ్చే చిన్న ముక్క గొంతులో ఇరుక్కోకూడదని మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకు ఒక కొలత పెట్టారు కదా, 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం, ఆ గొట్టాన్ని మా పెద్దాయన చేత చెక్కతో చేయించి గల్లాపెట్టె పక్కన ఉంచాను. వచ్చిన ప్రతి తల్లికీ చూపిస్తాను. ఇంట్లో ఉన్న బొమ్మల ముక్కలు ఇందులో పడుతున్నాయేమో చూసుకోమ్మా అని చెబుతాను. కాబట్టి నన్ను ఆ ఆర్డర్‌కు ఎదురు తిరిగినదాన్ని అనుకోకండి.

పెద్దాయన అన్నాను కదా, ఈ ఉత్తరమంతా ఆయన కోసమే. ఏర్పేడు వైపు ఒక పల్లెలో ఉంటారు. ఆ పక్కనే ఉన్న మాధవమాలలో కొయ్య విగ్రహాలు చెక్కేవాళ్లకు ఎంతో పేరుంది. ఈయన విగ్రహాలు చెక్కరు. లేత్ మీద కొయ్య తిప్పి లక్క పిడతలు, బొంగరాలు, గిలక్కాయలు చేస్తారు. తిరుగుతున్న కొయ్యకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. ఆ మీద మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. పసుపుపచ్చకు వంటింటి పసుపే, దానికి నీలిమందు కలిస్తే ఆకుపచ్చ. నేను అడిగానని గిలక్కాయ పిడిని పసిబిడ్డ పిడికిలికి సరిపడేలా సన్నం చేశారు. దానికోసం పదకొండుసార్లు మార్చి మార్చి చేశారండీ, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పిడి చుట్టూ తిరిగే కడియాలను కూడా అదే కొయ్యలోంచి తీస్తారు. మేకు లేదు, జిగురు లేదు, ఊడిపోవడానికి అతుకే లేదు. రంగుల్ని నా డబ్బుతో ల్యాబ్‌లో పరీక్ష చేయించాను, సీసం లేదని రిపోర్టు వచ్చింది.

పోయిన ఏడాది ఆషాఢంలో తనిఖీకి ముగ్గురు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు, అది ఒప్పుకోవాలి. గిలక్కాయలు, పిడతలు, బండ్లు అన్నీ లెక్కపెట్టి 86 అని రాసుకున్నారు. ఐఎస్ఐ గుర్తు ఏదన్నారు. చేతిపనివాళ్లకు మినహాయింపు ఉంది కదా అని ఆ ఆర్డర్‌కు చేసిన 2020 డిసెంబరు సవరణ ప్రింటు తీసి చూపించాను. అయితే చేసినాయన ఆర్టిజన్ కార్డు చూపించమన్నారు. కార్డు లేదు. కాగితాలు వచ్చేదాకా అమ్మొద్దన్నారు. అమ్మితే రెండేళ్ల దాకా జైలో, రెండు లక్షలకు తగ్గని జరిమానానో, రెండూనో పడొచ్చని చెప్పి వెళ్లారు. ఆ 86 వస్తువులూ అట్టపెట్టెల్లో మా అటక మీద ఉన్నాయి. అన్నీ కలిపి వెల కట్టినా ముప్పై వేలు దాటదు.

ఇక కార్డు కోసం తిరిగిన తిరుగుడు చెబుతాను. కొంచెం పొడవుగా ఉంటుంది, దయచేసి చదవండి. పెద్దాయనకు చదువు రాదు, ఆన్‌లైన్‌లో దరఖాస్తు నేనే పెట్టాను. ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపి ఉండాలన్నారు. కలపడానికి వెళితే వేలిముద్ర పడలేదు. యాభై ఏళ్లుగా ఉప్పుకాగితం పట్టీ, వేడి లక్క పట్టీ ఆయన వేళ్ల గీతలు అరిగిపోయాయి. నాలుగోసారి వెళ్లినప్పుడు ఎడమచేతి చిటికెన వేలు పడింది. ఆ రోజు ఆయన నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది, పని అయిపోయిందనుకున్నారు.

తర్వాత అధికారి వచ్చి పని చేస్తుండగా చూడాలన్నారు. ఆరు నెలలు ఎదురుచూశాం. రేపు వస్తున్నామని రెండుసార్లు ఫోన్ వచ్చింది. రెండుసార్లూ ఆయన ఉతికిన పంచె కట్టుకుని, లేత్ తుడిచి, కొయ్య బిగించి సాయంత్రం దాకా కూర్చున్నారు. ఎవరూ రాలేదు. మూడోసారి మమ్మల్నే రమ్మన్నారు. లేత్‌ను బస్సులో ఎలా తీసుకుపోవాలండీ? చేసిన వస్తువులు సంచిలో వేసుకుని వెళ్లాం. అక్కడున్నాయన గిలక్కాయను అటూ ఇటూ తిప్పి, మోటారు వాడతారా అని అడిగారు. వాడతారన్నాం. మోటారు వాడితే చేతిపని ఎట్లా అవుతుంది, వడ్రంగం కింద రాయించుకోండి అన్నారు. లక్క బొమ్మలకు పేరున్న ఏటికొప్పాకలోనూ కరెంటు లేత్‌లే తిరుగుతున్నాయి కదా అన్నాను. దానికి జీఐ, అంటే ఫలానా ఊరి వస్తువన్న గుర్తింపు ఉంది, మీకు లేదు అన్నారు. నిజమే, ఏటికొప్పాకకు ఉంది, కొండపల్లికి ఉంది. అవి లేని పల్లెలో పుట్టడం ఈయన తప్పా?

వడ్రంగం అన్నారు కదా. పెద్దాయన ఇంట్లో గోడకు ప్లాస్టిక్ కవరులో ఒక సర్టిఫికెట్ వేలాడుతూ ఉంటుంది. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకానిది. అందులోని పద్దెనిమిది వృత్తుల్లో సంప్రదాయ బొమ్మల తయారీ ఒకటి, ఆయన పేరు ఆ వృత్తి కిందే ఉంది. పనిముట్ల కోసం పదిహేను వేలు కూడా ఇచ్చారు, వాటితో కొత్త ఉలులు కొనుక్కున్నారు. ఆ మేలు మేం మరిచిపోలేదు. కానీ ఒక కాగితంలో బొమ్మలు చేసేవాడు అని రాసిన ప్రభుత్వమే ఇంకో కాగితం దగ్గరికొచ్చేసరికి కాదంటే ఆయన ఎవరికి చెప్పుకోవాలి? మనిషి అదే, లేత్ అదే, గిలక్కాయ అదే. ఈ సర్టిఫికెట్ సరిపోదా అని తనిఖీవాళ్లను అడిగాను. సవరణలో దాని పేరు లేదన్నారు. చదివి చూశాను, లేదు.

రేపు కార్డు వచ్చినా నా గుండె కుదుటపడదు, ఎందుకంటే ఇంకో చిక్కుంది. మినహాయింపు నమోదైన కళాకారులు తయారు చేసి అమ్మే వస్తువులకు అని సవరణలో ఉంది. ఆయన తయారు చేస్తారు, నేను కొని అమ్ముతాను. మరి ఆ మినహాయింపు నా గడప దాటి లోపలికి వస్తుందా, వీధిలోనే ఆగిపోతుందా? నలుగురిని అడిగాను. ఇద్దరు వస్తుందన్నారు, ఒకరు రాదన్నారు, ఒకరు వకీలును అడగమన్నారు. కాగితం మీద రాసిచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. రాదనే అనుకుందాం. అప్పుడు డెబ్బైకి దగ్గరపడిన మనిషి సంచి భుజాన వేసుకుని అలిపిరి దగ్గర ఎండలో నిలబడి అమ్ముకోవాలా? ఐఎస్ఐ లైసెన్సే తీసుకోమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ ఫీజులు, పరీక్షలు, శాంపిళ్లు నెలకు నలభై గిలక్కాయలు చేసే మనిషికి అయ్యే పనేనా, మీరే చెప్పండి.

దసరాకు ముందు చంద్రగిరి నుంచి ఒక అవ్వ వచ్చింది. మనవడు గోడ పట్టుకుని నిలబడుతున్నాడట. "మూడు చక్రాల బండి ఉందంట కదమ్మా, మా అబ్బోడు దాంతోనే నడక నేర్చినాడు, ఒకటియ్యి" అంది. అటక మీద పన్నెండు బండ్లున్నాయి. లేవని చెప్పాను. అంత పెద్దామెకు అబద్ధం చెప్పాను. గంట తర్వాత అదే అవ్వ ప్లాస్టిక్ వాకర్ చంకన పెట్టుకుని మా అంగడి ముందునుంచే పోతుంటే చూశాను. పిలిచి చెప్పడానికి కూడా నాకు మొహం చెల్లలేదు. వాళ్లింట్లో మెట్లున్నాయేమో, బిడ్డ వాకర్‌తో జారిపడతాడేమో అని ఆ రాత్రంతా అదే ఆలోచన.

సంక్రాంతికి పెద్దాయన సంచి నిండా గిలక్కాయలు తెచ్చారు. తీసుకోలేనని చెప్పడానికి నోరు రాలేదు. నా మొహం చూసి ఆయనకే అర్థమైంది. "ఏమ్మా, నా మనవరాలు నోట్లో పెట్టుకుంటే ఏం కాలేదే, ఇంగొకరి బిడ్డకిస్తే తప్పంటనా?" అన్నారు. డబ్బులిచ్చి సంచి తీసుకున్నాను, అదీ అటక మీదికే పోయింది. 2025 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు పోతుంటే టీవీలో చూసి, ఇదే లక్క, ఇదే పని, నేను చేసేదే అని ఇంట్లో అందరినీ పిలిచి చూపించారట. ఇప్పుడు ఆ లేత్‌కు గుడ్డ కప్పి మూడు నెలలైంది. కొడుకు హోటల్ పనికి పోతున్నాడు. ఆయన తర్వాత ఆ ఇంట్లో కొయ్య తిప్పేవాళ్లు లేరు.

అయ్యా, ఆయనకు కార్డు ఇప్పించండి. విశ్వకర్మలో బొమ్మలు చేసేవాళ్లని రాసుకున్నవాళ్లను మళ్లీ మొదటినుంచి నిరూపించుకోమనకుండా ఆ సర్టిఫికెట్‌నే ఒప్పుకునేలా సంబంధిత శాఖవాళ్లతో మాట్లాడండి. తిరుపతిలో ఒక్కరోజు క్యాంపు పెట్టించండి. అధికారిని లేత్ ఉన్న చోటికి పంపండి, కారు ఖర్చు నేను పెట్టుకుంటాను. అంగట్లో అమ్మొచ్చో కూడదో ఒక్క వాక్యం సంతకంతో రాసివ్వండి. కూడదంటే అదైనా రాసివ్వండి, అటక మీంచి దించి ఆయన బొమ్మలు ఆయనకు అప్పజెప్పి కాళ్లు పట్టుకుంటాను. కార్డు మాత్రం ఇప్పించండి.

కొండ మీద ఏడాదిలోపు బిడ్డతో వచ్చే తల్లిదండ్రులను సుపథం దారిలో పంపిస్తారు. అన్ని వేలమంది వచ్చే చోట కూడా పసిబిడ్డ తోపులాటలో నలగకూడదని ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించారు కాబట్టే ఆ దారి వచ్చింది. ఆ బిడ్డ చేతిలో పెట్టే గిలక్కాయ గురించి మీరు అలా ఒక్క పూట ఆలోచించాలని అడుగుతున్నాను.

ఈ ఉత్తరం ప్రతిని మీకు పోస్టులోనూ పంపుతున్నాను. దాంతో పాటు మా పాప ఆడుకున్న గిలక్కాయ ఒకటి పెట్టాను. కడియాలు తిప్పి చూడండి, అతుకు ఎక్కడైనా కనపడుతుందేమో వెతకండి. చూశాక దయచేసి తిరిగి పంపించండి, పాప అడుగుతోంది.

ఇట్లు,
తిరుపతిలో పసిపిల్లల అంగడి నడుపుతున్న ఒక తల్లి